ఫోన్ కెమెరాతో కెమికల్ టెస్ట్: అసలు కొలిచేది ఫోనేనా?

ఫోన్ కెమెరా పెడితే చాలు నీళ్ళు మంచివో కావో తెలిసిపోతుంది, పాలల్లో కల్తీ పట్టేయొచ్చు అని చెప్పే షార్ట్ వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఒక ఫ్రెండ్ అలాంటిదే నాకు ఫార్వర్డ్ చేసి "బ్రో, ఇది నిజమా, ఫేకా?" అని అడిగాడు. ఒక్క మాటలో చెప్పాలంటే సగం నిజం. ఫోన్‌తో రసాయనాలను కొలవొచ్చు. యూనివర్సిటీ ల్యాబుల్లో దీని మీద సీరియస్‌గా పని జరుగుతోంది, కొన్ని ప్రొడక్టులు మార్కెట్లోకి కూడా వచ్చాయి. కానీ అక్కడ అసలు పని చేసేది ఫోన్ కాదు. రంగు మారే ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క. ఫోన్ ఆ రంగును చదివి నంబర్‌గా మారుస్తుంది, అంతే.

ఈ తేడా తెలిస్తే ఏ యాప్‌ను నమ్మాలో, దేన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయాలో మీకే అర్థమైపోతుంది. అందుకే కాస్త వివరంగా చూద్దాం.

కెమెరాకు కెమికల్ కనిపించదు

ముందు బేసిక్ విషయం. ఫోన్ కెమెరా సెన్సర్‌లో ప్రతి పిక్సెల్ ముందు ఒక చిన్న ఫిల్టర్ ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఈ మూడింటిలో ఒకటి. దాని గుండా ఎంత వెలుతురు వచ్చిందో లెక్కపెట్టడమే పిక్సెల్ పని. చివరికి ఫొటోలో ప్రతి చుక్కకూ మూడు నంబర్లు వస్తాయి, మామూలు జేపెగ్‌లో అయితే ఒక్కోటి 0 నుంచి 255 మధ్యలో. మనం ఆర్‌జీబీ అనేది వీటినే.

ఇప్పుడు ఒక గ్లాసు నీళ్ళు తీసుకోండి. అందులో ఫ్లోరైడ్ ఉందనుకుందాం. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి కూడా తెలియదు. నైట్రేట్ అయినా అంతే. మన కంటికి కనిపించే వెలుతురులో అవి ఏ మార్పూ తీసుకురావు కాబట్టి, 200 మెగాపిక్సెల్ కెమెరా పెట్టినా వచ్చేది మంచి నీళ్ళ ఫొటోనే. అందుకని ఏ స్ట్రిప్పూ లేకుండా, ఏ రసాయనమూ కలపకుండా, గ్లాసు వైపు కెమెరా తిప్పితే చాలు ఫ్లోరైడ్ ఎంతో చెప్పేస్తానంటే అది ఉత్త కాకి లెక్క.

ఇలాంటి మోసం మనకు కొత్తేమీ కాదు. 2020లో కోవిడ్ టైమ్‌లో కెమెరా మీద వేలు పెడితే ఆక్సిజన్ లెవెల్ చెప్తామంటూ బోలెడు యాప్‌లు పుట్టుకొచ్చాయి. ఫేక్ ఆక్సీమీటర్ యాప్‌లతో జాగ్రత్త అని కేంద్ర హోం శాఖ నడిపే సైబర్ దోస్త్ హెచ్చరించాల్సి వచ్చింది.

కాబట్టి కెమెరాకు కనిపించని దాన్ని కనిపించే రంగుగా మార్చేది ఒకటి మధ్యలో ఉండాలి.

పసుపు, సున్నం: మన ఇంట్లోని సెన్సర్

రంగుతో రసాయనాన్ని పట్టడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది. పసుపు నీళ్ళలో కాస్త సున్నం వేస్తే ఎర్రగా మారిపోతాయి, దిష్టి తీసే ఎర్ర నీళ్ళు అవే. తెల్ల చొక్కా మీద పడిన కూర మరక సబ్బు పెట్టగానే ఎర్రబడటం కూడా ఇదే కెమిస్ట్రీ. పసుపులోని కర్కుమిన్ అనే పదార్థం క్షార గుణం ఉన్నది తగలగానే రంగు మారుస్తుంది.

అంటే పసుపు పూసిన కాగితం ఒక కెమికల్ సెన్సర్. కానీ దీనికి రెండు పెద్ద లోపాలు ఉన్నాయి.

మొదటిది, అది ఎవరిని చూసి ఎర్రబడిందో చెప్పలేదు. సున్నమా, సబ్బా, బట్టల సోడానా? అన్నింటికీ ఒకటే రియాక్షన్. అంతెందుకు, సంప్రదాయ పద్ధతిలో కుంకుమ చేసేవాళ్ళు పసుపులో వెలిగారం, నిమ్మరసం కలుపుతారు. అక్కడ నిమ్మరసం పులుపు, అంటే ఆమ్లం. అయినా రంగు ఎర్రగానే వస్తుంది, ఎందుకంటే వెలిగారంలోని బోరాన్‌తో కర్కుమిన్ వేరే రకంగా కలుస్తుంది. రంగు దాదాపు ఒకటే, కారణాలు వేరు. ఒక సెన్సర్ తాను వెతికే పదార్థానికి తప్ప మిగతా వాటికి స్పందించకపోవడం చాలా ముఖ్యం.

రెండోది, పసుపు కాగితం నుంచి రంగు కారిపోతుంది. ఒక చోట ముదురుగా, ఇంకో చోట లేతగా అంటుకుంటుంది. కంటితో చూడ్డానికి ఫర్వాలేదు గానీ, నంబర్ కావాలంటే ఇది పనికిరాదు. ఎంత మేర రంగు మారిందో కొలవాలంటే రంగు అంతటా సమానంగా ఉండాలి, ఉన్న చోటే ఉండాలి.

పాలిమర్ అవసరం ఇక్కడే వస్తుంది.

పాలిమర్ ఏం చేస్తుంది?

పాలిమర్ అంటే చిన్న చిన్న అణువులు గొలుసులా కలిసిన పొడవాటి అణువు. మన ప్లాస్టిక్‌లన్నీ పాలిమర్లే. రంగు మారే పాలిమర్ సెన్సర్లలో ముఖ్యంగా రెండు దారులు కనిపిస్తాయి.

ఒకటి, గొలుసుకే రంగు ఉండటం. దీనికి ఫేమస్ ఉదాహరణ పాలీడయాసిటిలీన్. 1969లో జర్మన్ శాస్త్రవేత్త గెర్హార్డ్ వెగ్నర్ ఇలాంటి పాలిమర్లు స్ఫటికాల్లో ఎలా తయారవుతాయో వివరించాడు. మామూలుగా ఇది నీలం రంగులో ఉంటుంది. వేడి తగిలినా, కొన్ని రసాయనాలు వచ్చి అంటుకున్నా దాని గొలుసు మెలి తిరుగుతుంది. అప్పుడు అది పీల్చుకునే వెలుతురు సుమారు 640 నానోమీటర్ల దగ్గర నుంచి 540 వైపు జరుగుతుంది. మన కంటికి అది నీలం నుంచి ఎరుపుగా కనిపిస్తుంది. పాలీఅనిలిన్ అని ఇంకొకటి ఉంది. ఆకుపచ్చగా ఉండే ఈ పాలిమర్‌కు అమ్మోనియా తగిలితే నీలం వైపు మారుతుంది. చేపలు పాడవుతున్నప్పుడు అమ్మోనియా, అలాంటి వాయువులే వస్తాయి కాబట్టి, ప్యాకెట్ లోపల ఈ ఫిల్మ్ పెట్టి చేప తాజాదనం చెప్పించే పరిశోధనలు జరిగాయి.

రెండో దారి, రంగు లేని ప్లాస్టిక్ గొలుసుకు అక్కడక్కడా ఒక రసాయన కొక్కెం తగిలించడం. ఆ కొక్కేనికి వెతుకుతున్న పదార్థం చిక్కగానే రంగు పుడుతుంది. కొక్కెం గొలుసుకే అతుక్కుని ఉంటుంది కాబట్టి రంగు కారిపోదు. ఫిల్మ్ అంతా ఒకే మందంలో తయారు చేస్తే రంగు అంతటా సమానంగా వస్తుంది. పైగా ల్యాబ్ బాటిల్స్, పిపెట్లు, యాసిడ్లు అన్నీ మోసుకెళ్ళకుండా ఒక చిన్న బిళ్ళ జేబులో వేసుకుని వెళ్ళొచ్చు. టెస్ట్ జరగాల్సిన చోటే చేయడానికి ఇదే పెద్ద ప్లస్.

స్పెయిన్‌లో హ్యామ్ మీద చేసిన టెస్ట్

నాకు బాగా నచ్చిన ఉదాహరణ స్పెయిన్‌లోని బర్గోస్ యూనివర్సిటీ పాలిమర్ టీమ్ చేసింది. 2023లో ఏసీఎస్ అప్లైడ్ మెటీరియల్స్ అండ్ ఇంటర్‌ఫేసెస్ అనే జర్నల్‌లో వచ్చింది. హ్యామ్, సాసేజ్ లాంటి నిల్వ మాంసాల్లో నైట్రైట్ ఎంత ఉందో కొలవడం వాళ్ళ లక్ష్యం.

నైట్రైట్‌తో ఉన్న చిక్కు ఏంటంటే, అది పూర్తిగా విలన్ కాదు. మాంసానికి ఆ గులాబీ రంగు ఇచ్చేది అదే, ప్రాణాంతకమైన బోట్యులిజం తెచ్చే బ్యాక్టీరియాను ఆపేది కూడా అదే. కానీ కొన్ని పరిస్థితుల్లో అది నైట్రోసమైన్లుగా మారుతుంది, వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. అందుకే అసలు వద్దనలేం, ఎంత ఉందో కొలుచుకోవాలి. 2023లోనే యూరోపియన్ యూనియన్ నైట్రైట్ పరిమితులను ఇంకా తగ్గించింది.

బర్గోస్ టీమ్ పోలీసెన్ అని పేరు పెట్టి ఒక ఫిల్మ్ తయారు చేసింది. పోలీసులతో సంబంధం లేదు, పాలిమర్ సెన్సర్ అనే మాటను కుదిస్తే వచ్చిన పేరు. నాలుగు రకాల మోనోమర్లు, హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలిపి చేశారు. వాడే పద్ధతి ఇలా ఉంటుంది:

• ఫిల్మ్ నుంచి చిన్న గుండ్రటి బిళ్ళలు కత్తిరిస్తారు.
• ఒక బిళ్ళను మాంసం ముక్క మీద 15 నిమిషాలు ఉంచుతారు. ఆ టైమ్‌లో నైట్రైట్ ఫిల్మ్‌లోకి వచ్చి రసాయన కొక్కేలతో కలుస్తుంది.
• బిళ్ళను తీసి సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఒక నిమిషం ముంచుతారు. అప్పుడు రంగు బయటపడుతుంది.
• నైట్రైట్ ఎంత ఎక్కువ ఉంటే పసుపు రంగు అంత ముదురుగా వస్తుంది.
• రిఫరెన్స్ బిళ్ళల చార్ట్ పక్కన పెట్టి, రెండూ ఒకే ఫ్రేమ్‌లో పడేలా ఫోన్‌తో ఫొటో తీస్తారు. నంబర్ యాప్ లెక్క కడుతుంది.

నైట్రైట్ కలిపి తామే తయారు చేసిన మాంసంతో పాటు షాపులో కొన్న వాటి మీద కూడా టెస్ట్ చేశారు. మామూలుగా వాడే కష్టమైన ల్యాబ్ పద్ధతిలో వచ్చిన ఫలితాలకు దగ్గరగానే వచ్చాయి. ఫిల్మ్ నుంచి ఆహారంలోకి ఏమైనా దిగుతోందా అని కూడా చూశారు, యూరప్ నిబంధనల ప్రకారం అది పాస్ అయింది.

చివరి స్టెప్ మళ్ళీ ఒకసారి చదవండి. "రెండూ ఒకే ఫ్రేమ్‌లో". మన గ్యాడ్జెట్ గోల అంతా అక్కడే ఉంది.

మంచి కెమెరానే ఇక్కడ ప్రాబ్లం

ఫోన్ కంపెనీలు కెమెరాను తయారు చేసేది రంగు కొలవడానికి కాదు, మనకు ఫొటో నచ్చేలా చేయడానికి. షట్టర్ నొక్కగానే లోపల చాలా జరుగుతాయి. ఆటో వైట్ బ్యాలెన్స్ బల్బు పసుపుదనాన్ని తీసేస్తుంది. హెచ్‌డీఆర్ పలు ఫ్రేములను కలిపి నీడల్ని పైకి లేపుతుంది. సీన్ డిటెక్షన్ "ఓహో, ఇది ఫుడ్" అనుకుని రంగులు దట్టిస్తుంది. చివర్లో జేపెగ్ కొంత సమాచారాన్ని పారేస్తుంది. సెల్ఫీకి ఇవన్నీ వరం. కెమికల్ టెస్ట్‌కు మాత్రం శాపం. మీరు కొలవాలనుకున్న రంగునే ఫోన్ "సరిచేసి" మీ చేతికిస్తుంది.

నేను పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టిన ఫిల్టర్ పేపర్ మీద సున్నపు నీళ్ళ చుక్క వేసి, రెండు ఫోన్లతో ఫొటోలు తీసి చూశాను. ఒకసారి కిటికీ పక్కన, ఒకసారి ట్యూబ్‌లైట్ కింద, ఒకసారి పసుపు ఎల్‌ఈడీ బల్బు కింద. మరక అదే, కానీ ఫోన్ మారినా, వెలుతురు మారినా కలర్ పికర్‌లో ఆర్‌జీబీ నంబర్లు మారిపోయాయి. ఇంకో విచిత్రం, పేపర్‌ను తెల్ల టేబుల్ మీద నుంచి ఎర్ర దుప్పటి మీదకు మార్చినా చాలు, ఆటో వైట్ బ్యాలెన్స్ మరక రంగును కూడా జరిపేసింది. మీరు కూడా ఇంట్లో చేసి చూడండి, ఐదు నిమిషాల పని. సున్నం కళ్ళల్లో పడకుండా చూసుకోండి.

కాబట్టి "ఈ రంగు వస్తే ఇంత నైట్రైట్" అని యాప్‌లో ముందే ఫిక్స్ చేసిన టేబుల్ పెట్టుకుంటే, అది ఆ డెవలపర్ ఫోన్‌లో, ఆ గది వెలుతురులో మాత్రమే కరెక్ట్.

మరి పరిష్కారం?

మూడు దారులు ఉన్నాయి.

మొదటిది, వెలుతురును కంట్రోల్ చేయడం. ఫోన్‌ను ఒక చిన్న డబ్బాకు బిగించి, లోపల స్థిరమైన ఎల్‌ఈడీ పెట్టి, బయటి వెలుతురు రాకుండా మూసేయడం. బాగా పనిచేస్తుంది, కానీ ప్రతి ఫోన్ మోడల్‌కూ కెమెరా ఉండే చోటు వేరు కాబట్టి డబ్బా డిజైన్ తలనొప్పి.

రెండోది, ప్రో మోడ్‌లో ఐఎస్‌ఓ, షట్టర్ స్పీడ్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేసి రా ఫైల్ తీసుకోవడం. ఫోన్ మేకప్ చాలావరకు తగ్గుతుంది. కానీ గదిలో వెలుతురు మారితే నంబర్ కూడా మారుతుంది.

మూడోది బర్గోస్ టీమ్ చేసినట్టు రిఫరెన్స్‌ను అదే ఫొటోలో పెట్టడం. ఎంత నైట్రైట్‌కు ఎంత రంగో ముందే తెలిసిన బిళ్ళలు పక్కనే ఉంటాయి. వెలుతురు పసుపైతే అన్నింటి మీదా పసుపే పడుతుంది. ఫోన్ రంగు పెంచితే అన్నింటికీ పెంచుతుంది. మీ బిళ్ళ ఏ రెండు రిఫరెన్సుల మధ్యలో పడిందో చూస్తే చాలు. కిరాణా కొట్టు త్రాసు లాంటిది ఇది. పక్క పళ్ళెంలో రాయి ఉన్నంతవరకూ తూకం నిలుస్తుంది.

ఇందులో ఒక చిన్న మెలిక ఉంది. రిఫరెన్స్ చార్ట్‌ను మామూలు ప్రింటర్‌లో కొట్టిస్తే సరిపోదా? అంత బాగా పనిచేయదు. ఒక వెలుతురులో ఒకేలా కనిపించే రెండు వేర్వేరు పదార్థాలు, ఇంకో వెలుతురులో వేరుగా కనిపించొచ్చు. షాపులో మ్యాచింగ్ అనిపించిన బ్లౌజ్ పీస్ ఇంటికొచ్చి ఎండలో చూస్తే చీరకు మ్యాచ్ కాకపోవడం తెలుసు కదా, అదే ఇది. ప్రింటర్ ఇంకు, పాలిమర్ ఫిల్మ్ వెలుతురుకు ఒకేలా స్పందించవు. టెస్ట్ బిళ్ళ ఏ పదార్థమో రిఫరెన్స్ కూడా అదే పదార్థమైతే ఈ గొడవ తగ్గుతుంది.

ఖరీదైన ఫోన్ ఉంటే మంచి రిజల్ట్ వస్తుందా?

మన సైట్‌లో ఈ ప్రశ్న రాకుండా ఉండదు. సూటిగా చెప్పాలంటే, పెద్దగా తేడా ఉండదు. బిళ్ళ మీద రంగు అంతటా ఒకటే కాబట్టి మెగాపిక్సెల్స్ అవసరం లేదు. యాప్ వేల పిక్సెల్స్ సగటు తీసుకుంటుంది, 12 మెగాపిక్సెల్స్ కూడా ఎక్కువే. జూమ్, నైట్ మోడ్ లాంటివి అసలు వద్దు. పనికొచ్చేవి రెండే: మాన్యువల్ కంట్రోల్స్, రా సపోర్ట్. ఫ్రేమ్‌లో మంచి రిఫరెన్స్ ఉంటే బడ్జెట్ ఫోన్ చాలు. అది లేకపోతే లక్ష రూపాయల ఫోన్ కూడా అందంగా అబద్ధం చెప్తుంది.

మన ఊళ్ళో దీని అవసరం ఎక్కడ?

హ్యామ్ మన సమస్య కాదు, నిజమే. మన సమస్య నీళ్ళు. ఫ్లోరైడ్ అనగానే నల్గొండ గుర్తొస్తుంది. ఫ్లోరైడ్ తీసేయడానికి నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన పద్ధతికి "నల్గొండ టెక్నిక్" అనే పేరు పడింది. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పిల్లల పళ్ళ మీద మచ్చలు పడతాయి, ఎముకలు వంకర పోతాయి. ఎముకకు ఒకసారి జరిగిన నష్టం వెనక్కి రాదు. నీళ్ళు కాచి తాగినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది.

భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండొచ్చు. వేరే నీటి వనరు లేకపోతే 1.5 వరకు అనుమతి. జల్ జీవన్ మిషన్ కింద ఊరూరా ఐదుగురు మహిళలకు శిక్షణ ఇచ్చి, ఫీల్డ్ టెస్ట్ కిట్లతో నీళ్ళు పరీక్షించే ఏర్పాటు చేశారు. ఇలాంటి కిట్లలో నీళ్ళకు రసాయనం కలిపి, వచ్చిన రంగును చార్ట్‌తో కంటితో పోల్చి చూస్తారు.

ఇప్పుడు ఆలోచించండి. 1 కీ 1.5 కీ మధ్య తేడా చార్ట్ మీద కాస్త ఛాయ మాత్రమే. ఒకరికి గులాబీగా కనిపించింది ఇంకొకరికి నారింజగా అనిపించొచ్చు. తక్కువ చదివితే ఒక బడి పిల్లలంతా అదే బోరు నీళ్ళు తాగుతూ ఉంటారు. ఎక్కువ చదివితే మంచి బోరును మూసేస్తారు. ఇక్కడ ఫోన్ నిజంగా హెల్ప్ చేయగలదు. ఒకే రంగును అందరికీ ఒకే నంబర్‌గా చదవడం, ఫొటోను సాక్ష్యంగా దాచడం, తేదీ, లొకేషన్ జత చేయడం. రిపోర్ట్ మీద డౌట్ వస్తే ఫొటో తెరిచి మళ్ళీ లెక్క చూసుకోవచ్చు. నెదర్లాండ్స్‌కు చెందిన ఆక్వో సంస్థ కాడిస్‌ఫ్లై పేరుతో ఫోన్ కెమెరా ఆధారంగా ఫ్లోరైడ్ టెస్ట్‌ను రూపొందించింది. అది పాలిమర్ బిళ్ళ కాదు, నీళ్ళలో కలిపే రసాయనంతో నడుస్తుంది. కానీ ఐడియా ఒకటే.

వైద్యంలో ఇది ఇంకో మెట్టు ఎక్కింది. ఇజ్రాయెల్ కంపెనీ హెల్తీ.ఐఓ తయారు చేసిన మూత్ర పరీక్ష కిట్‌కు 2018లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. స్ట్రిప్‌ను కలర్ బోర్డు మీద పెట్టి ఫోన్‌తో స్కాన్ చేయాలి. గమనించారా, ఇక్కడా ఫ్రేమ్‌లో కలర్ బోర్డు ఉంది.

ఇది చేయలేనివి

హైప్ వద్దు కాబట్టి లిమిట్స్ కూడా చెప్పుకుందాం. ఒక ఫిల్మ్ సాధారణంగా ఒక పదార్థాన్నో, ఒక కుటుంబాన్నో చూస్తుంది. "నీళ్ళు సేఫ్" అని మొత్తంగా చెప్పలేదు. ఫ్లోరైడ్ టెస్ట్ పాస్ అయిన నీళ్ళలో బ్యాక్టీరియా ఉండొచ్చు. కొక్కేలన్నీ నిండిపోయాక రంగు ఇంకా పెరగదు కాబట్టి కొలిచే పరిధికి పై హద్దు ఉంటుంది. మరీ తక్కువ ఉంటే రంగు తేడా కెమెరా నాయిస్‌లో కలిసిపోతుంది. వేడి, టైమ్ కూడా ముఖ్యమే. 15 నిమిషాలు ఉంచమంటే 15 నిమిషాలే ఉంచాలి, 5 నిమిషాలకే తీసేస్తే నంబర్ తప్పు. ఎండలో పడేసిన ఫిల్మ్ ముందే పాడై ఉండొచ్చు. అందుకే ఫీల్డ్‌లో తేడా కనిపిస్తే శాంపిల్‌ను ల్యాబ్‌కు పంపడమే కరెక్ట్. ఇది ల్యాబ్‌కు బదులు కాదు, ఏ శాంపిల్ ల్యాబ్‌కు వెళ్ళాలో తేల్చే జల్లెడ.

ఇన్‌స్టాల్ చేసే ముందు ఈ ఐదు అడగండి

1. దీనితో పాటు స్ట్రిప్, ఫిల్మ్, రసాయనం ఏదైనా వస్తుందా? ఉత్త కెమెరాతో అంటే వదిలేయండి.
2. ఏ పదార్థాన్ని, ఎంత నుంచి ఎంత వరకు కొలుస్తుందో రాశారా? "కెమికల్స్ కనిపెడుతుంది" అనేది సమాధానం కాదు.
3. రిఫరెన్స్ అదే ఫొటోలో ఉందా, లేదా వెలుతురు మూసేసే డబ్బా ఉందా?
4. ల్యాబ్ ఫలితాలతో పోల్చి చూపించారా?
5. ఫొటో మసకగా ఉన్నా, రిఫరెన్స్ మీద నీడ పడినా "మళ్ళీ తీయండి" అని యాప్ ఆపుతుందా? ఏ ఫొటో పెట్టినా నంబర్ ఇచ్చే యాప్‌ను నమ్మొద్దు. మీ కాలి చెప్పు ఫొటో పెట్టి చూడండి, దానికీ ఫ్లోరైడ్ లెవెల్ చెప్తే మీకు క్లారిటీ వచ్చేసినట్టే.

నా వరకు ఈ టెక్నాలజీకి ఫుల్ మార్కులే, కానీ ఆ మార్కుల్లో ఎక్కువ భాగం ఫోన్‌కు కాదు. ఈసారి ఎవరైనా "ఫోన్‌తో కెమికల్ టెస్ట్" వీడియో పంపితే, కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్ అని అడక్కండి. బిళ్ళ ఏది, రిఫరెన్స్ ఎక్కడ అని అడగండి.